ముందు సీటు

ఆగస్టు వరదకు నాలాలు పొంగి ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయే, ఆ మరుసటి ఏడు జరిగింది ఇది.

లాలాగూడ పిల్లలను కార్ఖానా బస్తీలోని బడికి చేర్చే ఆటో జంగయ్యది. వెనక ఏడుగురు. ముందు, అతని పక్కన, ఒక్కరు. ఆ చోటు రెండేళ్లుగా నాలుగో తరగతి సాయిదుర్గదే. ఆ పిల్ల నోరు ఊరుకోదు. దారిలో కనబడ్డదల్లా పైకి చెబుతూనే ఉంటుంది. అదే తరగతి వాసుకు ఆ సీటు మీద కన్ను. రోజూ కొట్లాటే.

వాసుతో జంగయ్యది ఒకటే మాట. "ఎనకకు పో."

ఆ రోజు బడిలో కళ్లు, చెవుల పరీక్ష. పెద్దవాళ్లు ఎవరైనా వెంట రావాలని చీటీ పంపారు. సాయిదుర్గ అమ్మానాన్నలు విజయనగరం నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. ఏడింటికే కంపెనీ బస్సెక్కేస్తారు. మిగతావాళ్లదీ అదే వరస. జంగయ్యే బేరాలు మానుకుని పిల్లల వెంట వెళ్లాడు.

వరండాలోనే సాయిదుర్గ ఏడుపు అందుకుంది.

"తాతా, నాకు కళ్లజోడు పెట్టేస్తే, ముందు సీటు వాసుగాడికి ఇచ్చేస్తావేటి?"

"ఇస్తడు! నాలుగు కండ్లోళ్లు ఎనకనే!" అన్నాడు వాసు.

జంగయ్య ఇద్దరినీ లోపలికి నడిపించాడు.

గోడ మీది అక్షరాల అట్టకు దూరంగా కూర్చోబెట్టారు. సాయిదుర్గ రెండో వరుస దాటలేదు. మూడో వరుస ఊహించి చెప్పింది. ఒక్కటీ కలవలేదు.

"జెర ఇంకోపారి చూడుండ్రి సార్," అన్నాడు జంగయ్య.

డాక్టర్ దేవసహాయం మళ్లీ చూశాడు. "దూరం చూపు తక్కువ తాతా. కళ్లజోడు కావాలి. పదిహేను రోజుల్లో వస్తుంది."

"పదిహేను రోజులా!" జంగయ్య బెంచీ మీద కూలబడ్డాడు. "గప్పటిదాంక ఎట్ల సార్?"

"ఏం కాదు. క్లాసులో ముందు బెంచీలో కూర్చుంటే చాలు."

"క్లాసు సంగతి సరే సార్..." అని ఆగిపోయాడు.

తర్వాత వాసు. ఆఖరి వరుస దాకా గడగడా చదివేశాడు. అంతటితో ఆగకుండా, అట్ట అడుగున చీమతలకాయంత ఉన్న ప్రెస్సు పేరు కూడా చదివాడు. చెవుల పరీక్షలో మిషను సన్నగా పీ అనగానే చెయ్యెత్తాడు.

జంగయ్య లేచి నిలబడ్డాడు. "మాట సుత గట్టిగనే ఉంటదా సార్ వీనిది?"

"ఆ పరీక్ష మా దగ్గర లేదు తాతా," అని డాక్టరు నవ్వాడు.

"ఉంటది!" అని వాసు అరిచిన అరుపుకు నర్సు చేతిలో చీటీలు కింద పడ్డాయి.

"సొంత మనవలకే ఎవరూ ఇంత చూడరు," అన్నాడు డాక్టరు. "నీలాంటి డ్రైవరు దొరకడం ఈ పిల్లల అదృష్టం."

జంగయ్య తల వంచుకున్నాడు.

మరునాడు పొద్దున అతను సాయిదుర్గను బుజ్జగించి వెనక ఎక్కించి, వాసును తన పక్కన కూర్చోబెట్టుకుని, బండి స్టార్ట్ చేసి, కళ్లు చికిలించి అడిగాడు: "ఇగ గట్టిగ చెప్పు బిడ్డా, ముందట వచ్చేది బస్సా, బర్రెనా?"