పదమూడో ఓటు

"ఉదయం ఐదు నలభై నుంచి ఐదు యాభై రెండు వరకు పళ్ళు తోముకొనుట" అని రాసి మాస్టారు కింద గీత కొట్టారు.

"పన్నెండు నిమిషాల్లో పన్నెండు మంది పళ్ళా?" అంది ఆయన భార్య.

"క్రమశిక్షణ ఉంటే సరిపోతుంది."

ఆయన ఇరవై రెండేళ్ళుగా స్కూల్లో టైంటేబుల్ వేస్తున్న లెక్కల మాస్టారు. అత్తవారింటి వాళ్ళంతా కలిసి కొండల్లోకి వెళ్దామనుకోగానే, పెద్దల్లుడి హోదాలో ఆ పని తనే నెత్తికెత్తుకున్నారు.

ముందు ఫోన్లో ఒక గ్రూపు పెట్టారు. దాని పేరు "నాలుగు తరాల యాత్ర".

అత్తగారి వంటింటి అల్మారా తలుపు మీద అందరి నంబర్లూ పెన్సిల్‌తో రాసి ఉంటాయి. ఒక్కటీ వదలకుండా గ్రూపులోకి ఎక్కించారు. చిట్టచివరి నంబరు పక్కన పేరు లేదు. మనవాళ్ళలోనే ఎవరిదో అయ్యుంటుందని దాన్నీ ఎక్కించారు.

గొడవంతా ఆ నంబరుతోనే వచ్చింది.

మాస్టారు టైంటేబుల్ పెట్టీపెట్టగానే అక్కణ్ణుంచి జవాబు వచ్చింది.

"వాంతులయ్యే వాళ్ళని వ్యాన్‌లో వెనక సీట్లో కూర్చోబెట్టకండి."

సీట్లు వయసు ప్రకారం ఎప్పుడో వేసేశానని మాస్టారు రాశారు.

"లోయ చూడ్డానికి మధ్యాహ్నం మూడుంబావు పెట్టారు. రెండు దాటితే మబ్బు దిగిపోతుంది. పొద్దున్నే చూడాలి."

పొద్దున ఖాళీ లేదని మాస్టారు రాశారు.

"పదకొండో మలుపు దగ్గర ఆగండి. ఊటనీళ్ళు బాగుంటాయి."

టైంటేబుల్లో ఆ పీరియడ్ లేదని మాస్టారు రాశారు. రాసి, భార్య వైపు తిరిగారు.

"ఎవరే ఈ సలహాల బాబాయి?"

"మీ తోడల్లుడి వైపు వాళ్ళేమో."

అసలు గండం వేరే ఉంది. అత్తగారిని తీసుకెళ్ళాలా, వద్దా?

ఆవిడకి ఎనభై ఒకటి. మోకాళ్ళు ఆవిడ మాట వినడం మానేసి చాలాకాలమైంది.

"‘ఒక్కసారి మళ్ళీ ఆ కొండలు చూడాలి’ అని అమ్మ అన్నాకే కదండీ ఈ ప్రయాణం మొదలైంది," అంది భార్య.

"అక్కడి చలికి తట్టుకోవద్దూ? ఆవిడ మేలు కోసమే చెబుతున్నా."

"పోనీ, అమ్మనడిగారా?"

"అడిగితే వస్తానంటుంది. అందుకే అడగలేదు."

గ్రూపులో ఓటింగ్ పెట్టారు. తీసుకెళ్ళాలని ఏడు. వద్దని ఆరు.

మాస్టారు అనుమానంగా లెక్క చూసుకున్నారు. వెళ్ళే పెద్దవాళ్ళు పన్నెండు మందే. పదమూడో ఓటు సలహాల బాబాయిది.

తోడల్లుడికి ఫోన్ చేశారు.

"మా వాడా? బావమరిది గారి మామగారనుకున్నానే," అన్నాడతను.

బావమరిదికి చేశారు.

"మీ స్కూలాయన కాదూ బావగారూ? ఆ చాదస్తం చూసి మీ వాడే అనుకున్నా."

మాస్టారికి ఒళ్ళు మండింది. ఆ నంబరుకే సూటిగా రాశారు. "తమరెవరు?"

"మీ మనిషినే," అని వచ్చింది.

"దారిన పోయే దానయ్యకి మన ఇంట్లో ఓటేమిటి?" అంటూ ఆ నంబరుని గ్రూపులోంచి తీసేశారు. ఓటు రద్దు చేశారు. ఆరూ ఆరూ సమానమయ్యాయి కాబట్టి, పెద్దల్లుడిగా తనకో ఓటు అదనంగా వేసుకున్నారు.

గ్రూపు పేరు "మూడు తరాల యాత్ర" అయింది.

"ఆర్నెల్లు సాము చేసి మూలనున్న ముసలమ్మని కొట్టారు," అంది భార్య. మళ్ళీ రెండు రోజులు మాట్లాడలేదు.

బయల్దేరే రోజు అత్తగారు కర్ర పట్టుకుని గేటు దాకా వచ్చింది. వీధి చివర వ్యాన్ తిరిగేదాకా చూడాలని ముందే కుర్చీ కూడా వేయించుకుంది. ఎందుకు తీసుకెళ్ళడం లేదని ఒక్క మాట అనలేదు. అందరూ గడియారం కిందే లెక్కగట్టే, కొడుకు వాడి పడేసిన పాత ఫోన్లో టైం మాత్రం చూసింది.

"అల్లుడుగారూ, అప్పుడే పదమూడు నిమిషాలు లేటు."

మాస్టారు నొచ్చుకుంటూ వ్యాన్ ఎక్కారు.

నాలుగో మలుపులో తోడల్లుడు వాంతులు మొదలుపెట్టాడు. ఏడో మలుపుకి మాస్టారి భార్య అందుకుంది. ఇద్దరూ వయసు ప్రకారం వెనక సీట్లో ఉన్నారు. పదకొండో మలుపు దగ్గర ఇక ఆపక తప్పలేదు. దిగి చూస్తే రాళ్ళ మధ్య నుంచి చల్లటి ఊట. అందరూ మొహాలు కడుక్కుని నీళ్ళు తాగారు. తాగి, అందరూ మాస్టారి వైపే చూశారు.

సరిగ్గా మూడుంబావుకి లోయ దగ్గర నిలబడ్డారు. ఎదురుగా సున్నం కొట్టిన గోడలా మబ్బు. పక్కనున్న మనిషి ముక్కు కనిపించడమే గొప్ప.

"ఆ బాబాయి చెప్పాడుగా," అన్నాడు బావమరిది మబ్బులోంచి.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఎంతైనా మంచి మనిషి. పక్కకి వెళ్ళి, తీసేసిన ఆ నంబరుకి ఫోన్ చేశారు. సిగ్నల్ గరగరమంటోంది.

"అయ్యా, క్షమించాలి. మీరెవరో తెలియక తీసేశాను. మీరు చెప్పిందంతా అక్షరాలా నిజమైంది. ఈ కొండలు మీకింత బాగా ఎలా తెలుసు?"

"పెళ్ళికి ముందు అక్కడి బళ్ళో రెండేళ్ళు టీచరుగా చేశాను," అంది గరగరల మధ్య ఒక గొంతు. "టైంటేబుల్ కూడా నేనే వేసేదాన్ని."

మాస్టారు ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నారు.

"పేరు చెబితే నా మాట ఎవరు వింటారని చెప్పలేదు. రేపు ఆరింటికే లేవండి, లోయ అడుగుదాకా కనిపిస్తుంది. నా బదులు కూడా కాసేపు చూడండి. ఇంతకీ మా పెద్దమ్మాయికి వాంతులు తగ్గాయా, అల్లుడుగారూ?"