తినుమన్న మాట

నాగల్‌గిద్ద వైపు దొంగల జాడ తీయబోయిన జవాను మొగులప్ప తిరిగి రాలేదు. మూడు రోజుల కింద అతని పోలీసు కుక్క షేరూ ఒక్కటే గొలుసు ఈడ్చుకుంటూ ఖేడ్‌లోని ఇంటికొచ్చింది. తినుమని మొగులప్ప "ఖా" అంటే తప్ప అది ముద్ద ముట్టదు. ఎవరైనా విషం పెడతారన్న తల్లి పోరు పడలేకే అట్లా నేర్పాడు.

మూడో రాత్రి కూడా తల్లి లక్ష్మవ్వ జొన్నరొట్టె పాలలో నానబెట్టి పెట్టింది.

"ఖా బిడ్డా. నా కుక్క కడుపు మాడ్చినవని వాడొచ్చి నన్ను తిడతడు."

షేరూ మొహం తిప్పుకుంది.

దీపం కొండెక్కబోతుండగా కుక్క చెవులు నిక్కాయి. ఖాళీ గడప వైపు చూసి తోక ఊపింది. తల వంచి గబగబా తినసాగింది.

లక్ష్మవ్వకు ఏమీ వినబడలేదు.

"దానికి చెప్పినవు గద కొడుకా," అన్నది గడప దిక్కు చూస్తూ. "నాకూ చెప్పు. మూడొద్దులాయె, నేను గూడ తినలే."