దిబ్బల బస్సులో తనిఖీ

“కుడివైపు చూడండి! మూడు వేల ఏళ్ళనాటి ఇసుక దిబ్బలు! వీటి కింద ఒక నగరం నిద్రపోతోంది!” మైకు పట్టుకుని గైడు అరిచాడు.

కుడివైపు టైర్ల దుకాణం కనిపించింది.

“ఎడమవైపు, ఎడమవైపు” అని సర్దుకున్నాడు గైడు. బస్సంతా నవ్వింది. నాలుగో వరుసలో కూర్చున్న ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. ఒక్కగానొక్క కూతురు ఈ శాల్తీనే కట్టుకుంటానని పట్టుపడితే ఏ తండ్రికి నవ్వొస్తుంది?

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. మామూలు మనిషిలా దుకాణానికి వెళ్ళి, సరుకు కొని, తూకం తగ్గితే అక్కడికక్కడే దుకాణదారుడి గొంతు పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే వరస. కూతురికి వచ్చిన సంబంధాలన్నీ అలాగే తూచి అవతల పారేశాడు. ఒకడు బూట్లు తుడుచుకోడు. ఒకడు గట్టిగా నవ్వుతాడు. ఇంకొకడు అసలు నవ్వనే నవ్వడు.

పోయిన వారం కూతురు ధైర్యం చేసి నోరు విప్పింది.

“దిబ్బల బస్సులో గైడుగా చేస్తాడు నాన్నా. చాలా మంచివాడు.”

“గైడా? అంటే నోరు అద్దెకిచ్చుకునేవాడన్నమాట.”

“ఒక్కసారి ఫోటో చూడండి. తన పేరు...”

“పేరూ వద్దు, ఫోటో వద్దు! దుకాణం బోర్డు చూసి మురిసిపోయేవాడు తనిఖీ ఏం చేస్తాడు? బస్సెక్కి నేనే చూస్తాను. నేను వస్తున్నట్టు వాడికి ముందే చెప్పావో, జాగ్రత్త!”

“సరే నాన్నా. మీరే చూసి రండి.”

టిక్కెట్టు కూతురే తీసింది. రోజు కూడా తనే చూసి పెట్టింది. ఈ ఉదయం ఆయన లేచేసరికే భార్య క్యారియరు సర్ది సిద్ధంగా ఉంచింది. “విసుగొచ్చిందని మధ్యలో దిగి వచ్చేయకండి. సాయంత్రం దాకా నిదానంగా చూడండి” అంటూ గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. ఆమె వెనకాల కూతురు, బిక్కమొహం వేసుకుని. తనిఖీ అంటే ఇంట్లోవాళ్ళకీ హడలేనని ఆయన మీసం దువ్వుకున్నాడు.

బస్సు ఆగింది. గైడు అందరికంటే ముందు దూకాడు.

“చెప్పులు చేత్తో పట్టుకోండి! ఈ దిబ్బ ఎక్కారంటే సముద్రం మీ కాళ్ళ దగ్గరే!”

పడుతూ లేస్తూ, చచ్చీ చెడీ ఎక్కారు. పైకెక్కి చూస్తే సముద్రం లేదు. ముళ్ళపొదలున్నాయి, వాటికవతల ఇంకో దిబ్బ ఉంది.

“గాలికి ఇసుక జరుగుతూ ఉంటుందండీ” అని నసిగాడు గైడు.

“ఇసుక సరే, సముద్రం కూడా జరిగిందా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ఒక్కోరోజు జరుగుతుంది సార్.”

పక్కన రొప్పుతూ నిలబడ్డ పెద్దావిడ వైపు తిరిగాడు ఇన్‌స్పెక్టరు. “విన్నారా కోతలు? పొద్దున మూడు వేల ఏళ్ళన్నాడు, ఇందాక అయిదు వేలన్నాడు. దొంగ దుకాణదారులు తూకం తగ్గిస్తారు, వీడు పెంచుతున్నాడు.”

“పోనిద్దురూ. చెయ్యి పట్టుకుని నన్ను పైదాకా ఎక్కించాడు. పాపం, మంచివాడే.”

“వాడు పట్టుకున్నది మీ చెయ్యి కాదమ్మా, మీ పర్సు. టిప్పు కోసం వేషాలు!”

ఆవిడ పర్సు చంకలో గట్టిగా బిగించుకుంది గానీ, ఆ తర్వాత ఈయన పక్కన మాత్రం నిలబడలేదు.

మధ్యాహ్నం అందరూ బస్సు నీడన కూర్చుని తిన్నారు. గైడు తింటూ మాట్లాడాడు, మాట్లాడుతూ నవ్వాడు, మెతుకులు ఇసుక పాలయ్యాయి. రేపు తన భోజనాల బల్ల దగ్గర ఈ దృశ్యమే చూడాలా? ఇన్‌స్పెక్టరుకి ముద్ద దిగలేదు. చిన్నప్పుడు ఆఫీసు కాటా మీద కూర్చోబెట్టి “నా బంగారం ఎంత తూగిందో చూడండర్రా” అని అందరికీ చూపించుకున్న పిల్ల! ఆ పిల్లని తెచ్చి ఈ వాగుడుకాయ చేతిలో పెట్టాలా?

ఇక ఆగలేక ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ఎత్తలేదు. కూతురూ ఎత్తలేదు. తీర్పు వినే ధైర్యం లేక దాక్కున్నారు, పిరికి సన్నాసులు అనుకున్నాడు.

పొద్దు వాలేవేళకి బస్సు నగరం చేరింది. అందరూ దిగిపోయారు. ఇన్‌స్పెక్టరు కదల్లేదు.

“ఏమయ్యా, ఇలా రా.”

“చెప్పండి సార్. ట్రిప్పు నచ్చిందా?”

“నేనెవరో తెలుసా?”

“తెలీదు గానీ, పొద్దుటినుంచీ నన్ను నమిలి మింగేసేలా చూస్తున్నారు.”

“నువ్వు పెళ్ళాడతానంటున్న అమ్మాయికి తండ్రిని! అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. నేను గిన్నెంతా చూశాను. నా కూతుర్ని నీకిచ్చే ప్రసక్తే లేదు. ఆశ వదులుకో!”

గైడు గుడ్లు తేలేశాడు. “నాకెందుకు సార్ మీ అమ్మాయి? నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలు! మా ఆవిడ విన్నదంటే నన్ను గుమ్మం తొక్కనివ్వదు!”

“పెళ్ళయిందా? పెళ్ళాం ఉండగానే నా కూతుర్ని...” ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు.

“ఆగండాగండి! మీరు ఈ బస్సు గైడు కోసం వచ్చినట్టున్నారు. నేను కోట చూపించే బస్సులో చేస్తాను సార్. అతను సెలవు పెడితే నన్నిటు తోశారు. ఈ దిబ్బల మొహం నేనూ ఇవాళే చూడ్డం. ఆ నగరం, ఆ వేల ఏళ్ళు, అన్నీ కోట దగ్గర చెప్పే ముక్కలే. నోటికి అలవాటై వచ్చేశాయి.”

ఎత్తిన చెయ్యి దిగింది. రోజంతా తప్పుడు సరుకు తూచాడన్నమాట! అయినా ఇన్‌స్పెక్టరు డీలా పడలేదు. మించిపోయిందేముంది, మళ్ళీ వస్తే సరి. ఈసారి అసలువాణ్ణి కడిగేస్తాడు. ఇవాళ్టికే వాడి తప్పొకటి దొరికింది కూడా.

“సెలవా? పనిదొంగ కూడానా వాడు?” అన్నాడు ఉత్సాహంగా.

“అబ్బే, లేదు సార్” అన్నాడు గైడు.

“ఇవాళ అతని పెళ్ళి.”