నది అవతలి ఇంటర్వ్యూ

లిఫ్టు ముందు నిలబడి టై సర్దుకుంటున్న సాయికృష్ణకి వెనకనుంచి తెలుగు వినబడింది.

"బాబూ, మన తెలుగబ్బాయివేనా?"

జర్మనీలో, కొలోన్ నడిబొడ్డున, లా ఆఫీసు మేడ కింద తెలుగు వినబడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. మనవాడికీ లేచొచ్చింది.

తిరిగి చూశాడు. నలభై దాటిన ఆవిడ. బూడిదరంగు కోటు, భుజాన సంచి.

"ఔనండీ. ఏలూరు."

"మాది తెనాలి. లైప్‌జిగ్ నుంచి వస్తున్నా. ఈ మేడకి రావడం ఇదే మొదలు. ట్రైనీ సీటు ఇంటర్వ్యూ పైనేనా?"

లేచొచ్చిన ప్రాణం లేచినంత వేగంగానే కూలబడింది.

ఉన్నది ఒక్కటే సీటు. ఏదో ఒక లా ఆఫీసులో మూడు నెలలు పని నేర్చుకుంటేగాని అతని కోర్సు పూర్తికాదు. అడగని ఆఫీసు లేదు. అందరూ "లైడర్" అన్నారు. లైడర్ అంటే, పాపం కుదరదు నాయనా అని మర్యాదగా చెప్పడం. జర్మన్‌లో మనవాడు తడుముకోకుండా పలికే మాట అదొక్కటే.

మిగిలింది ఈ ఆఫీసే.

ఇంతలో ఆవిడ ఫోను మోగింది. ఇక జర్మన్ అందుకుంది చూడండి! ఎక్కడా ఆగదు, తడబడదు. మధ్యలో ఏదో జోకు కూడా వేసింది. అవతలివాడు పకపకా నవ్వాడు.

పొద్దున్నే ఒక జర్మన్‌వాణ్ణి ఫోనులో నవ్వించింది!

సాయికృష్ణ టై ముడి ఇంకాస్త బిగించాడు. ఈ వయసులో ఈవిడకి ట్రైనీ సీటెందుకట? అన్నీ వచ్చినవాళ్లకే అన్నీ కావాలి!

ఆవిడ ఫోను పెట్టేసింది.

"నువ్విక్కడే పనిచేస్తావా నాన్నా?"

సూటు చూసి అనుకుంది కాబోలు. అంత మాట అనిపించుకున్నాక కాదనడానికి నోరు రాలేదు.

"ఆఁ, ఇక్కడే ఆంటీ."

"అమ్మయ్య! పేరేంటి?"

"సిద్ధార్థ్." అది రూమ్మేటు పేరు.

"ఎన్నో అంతస్తు నాన్నా?"

"అయ్యో, మీకు చెప్పలేదా? పైన నీళ్ల పైపు పగిలింది. ఇంటర్వ్యూ డాయిట్స్ ఆఫీసుకి మార్చారు. నది అవతల. ట్రామెక్కి వంతెన దాటేయండి."

"మెయిలన్నా పెట్టలేదే!"

"ఇప్పుడే పగిలింది ఆంటీ."

"సమయానికి కనిపించావు తండ్రీ. ఆలస్యమైతే ఈ జర్మన్లు ఊరుకోరు."

ఆవిడ పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. మనవాడు ఈల వేసుకుంటూ లిఫ్టెక్కాడు.

పైన పెద్ద లాయరు ఫ్రౌ కెస్లర్, అంటే కెస్లర్‌గారు, కాఫీ ఇచ్చి పావుగంట కూర్చోబెట్టింది. ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"మిగతా క్యాండిడేట్లు రాలేదాండీ?" అని ఇంగ్లిషులో అమాయకంగా అడిగాడు సాయికృష్ణ.

"మిగతావాళ్లెవరు? పిలిచింది మిమ్మల్ని ఒక్కరినే."

"మరి కింద..." అనబోయి నాలిక కరుచుకున్నాడు.

"మా పద్ధతి ఒకటుంది," అంది ఫ్రౌ కెస్లర్. "పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పుతానని మా లాయరొకరు ముందుకు రావాలి. ఆ మనిషి మిమ్మల్ని చూసి సరే అంటేనే సీటు. మీకోసం ఒకరు ఒప్పుకున్నారు. ఈపాటికి రావాలే!"

సాయికృష్ణ ఆ ఖాళీ కుర్చీ వంక చూశాడు.

ఫోను మోగింది. ఫ్రౌ కెస్లర్ విని నొసలు ముడేసింది.

"డాయిట్స్‌లోనా? అక్కడ మనకి ఆఫీసే లేదుగా కమలా! ఎవరూ, సిద్ధార్థా? తెలుగబ్బాయా? అలాంటివాడు మన దగ్గర లేడే!"

సాయికృష్ణ లేచి నిలబడ్డాడు. తలుపెటుందో కనబడలేదు.

"నేను... నేను మళ్లీ వస్తానండీ."

"కంగారు పడకండి, కమల వెనక్కి ట్రామెక్కేసిందట. ఆ సిద్ధార్థ్ ఎవడో మొహం బాగా గుర్తుందట," అని నవ్వింది ఫ్రౌ కెస్లర్. "మీకు జర్మన్ సరిగా రాదని ఇక్కడ అందరం వద్దన్నాం. 'భాష కూడా నేనే నేర్పుకుంటా, ఆ పిల్లాణ్ణి నాకిచ్చేయండి' అని మా లైప్‌జిగ్ ఆఫీసు నుంచి మాతో పోట్లాడిన లాయరు ఆవిడే."