బ్లీచింగ్ నీళ్ళు

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు నుంచి వచ్చిన ఈరన్న నేరుగా పట్టుపురుగుల షెడ్డులోకి పోబోయాడు. కోడలు మాధవీలత వాకిట్లోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడుక్కో మామా."

"నా షెడ్డుకు నేను పోయేదానికి నీ అడ్డమేంది? నీ ముట్టు తగిలే కదా పోయిన పంటకు పాలరోగం వచ్చింది! పురుగులన్నీ ఉబ్బి చస్తే గుంతలో పూడిస్తిమి."

"పోయిన పంటలో ఆ మూడు దినాలూ నేను ఈ గడప తొక్కలేదు. మేత నువ్వే ఏసినావు. మార్కెట్టుకు పోయొచ్చిన కాళ్ళతోనే లోపలంతా తిరిగినావు."

ఈరన్న గొణుక్కుంటూ చెప్పులు విడిచి గడప ముందున్న బ్లీచింగ్ నీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టాడు. అప్పుడు గానీ ఆమె చెయ్యి తియ్యలేదు.

లోపల తట్టల నిండా పురుగులు మల్బరీ ఆకు నములుతున్నాయి. రేకుల మీద వాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు. వెతికినా ఒక్క పురుగు ఉబ్బినట్టు కనిపించలేదు. ఈరన్న మొహం విచ్చుకుంది.

"చూసినావా! ఈసారి మైల సోకలేదు కాబట్టే పంట ఇట్లుండాది."

మాధవీలత ఇంకో మోపు ఆకు విప్పింది.

"నాకు ఈ పొద్దు రెండో దినం మామా. నిన్నటి నుంచి మేత ఏస్తాండేది నేనే."

ఈరన్న వంగి తట్టలోకి మళ్ళీ చూశాడు. పురుగులు మేస్తూనే ఉన్నాయి.

"కాళ్ళు మాత్రం కడుక్కొనే వచ్చినా" అంది ఆమె.