తలల లెక్క

"యల్లా! బండి తియ్యి!"

ఫోర్మన్ లింబాద్రి బస్సు డోరు మీద దబదబా బాదాడు.

డ్యూటీ దిగిన కూలీలంతా సీట్లలో కూలబడి ఉన్నారు. ఆ అరబ్బు దేశపు సఖీర్ ఎడారిలో సాయంత్రమైనా ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఎప్పుడెప్పుడు క్యాంపుకు పోయి నెత్తిన నీళ్ళు పోసుకుందామా అని అందరి ప్రాణం కొట్టుకుంటోంది.

డ్రైవర్ జగ్గారావు మాత్రం బండి తీయలేదు.

"ముత్యం రాలేదండి."

"తలకాయలు లెక్కవెట్టిన. సరిపోయినయ్. నువ్వు డ్రైవర్‌వా, నాకు మేనేజర్‌వా?"

"తలకాయలు సరిపోయుంటాయండి. ముత్యం మాత్రం లేడు."

అనేసి తాపీగా దిగి సైటు వైపు నడిచాడు.

నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఎంత పొగరు! లింబాద్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. బస్సులోవాళ్ళూ తలా ఒక మాట తిట్టుకున్నారు.

కాసేపటికి జగ్గారావు తిరిగొచ్చాడు, భుజం మీద ముత్యాన్ని మోసుకుంటూ.

ఎండదెబ్బకు చెక్కల గుట్ట వెనకాల స్పృహ తప్పి పడి ఉన్నాడట.

మరి లెక్క ఎలా సరిపోయింది? పక్క గ్యాంగు మనిషొకడు క్యాంపు దాకా వస్తానని ఈ బస్సెక్కి కూర్చున్నాడు. లింబాద్రి లెక్కపెట్టింది తలలనే కదా, ముఖాలు ఎవరు చూశారు!

బస్సు నేరుగా ఆసుపత్రికి పోయింది.

"ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు" అన్నాడు డాక్టరు.

ముత్యం బతికాడు. లింబాద్రికే చావొచ్చిపడింది.

మర్నాడు ఆఫీసులో విచారణ. ఎదురుగా మేనేజర్ సత్యకుమారి మేడం. ఆవిడ పేరు చెబితే ఇంజినీర్లే గడగడలాడతారు. మనిషిని ఎడారిలో వదిలేసి రాబోయిన ఫోర్మన్‌కి ఇంటికి టికెట్టు ఖాయం.

ఆ భయంలో లింబాద్రి నోటికి అబద్ధమే వచ్చింది.

"తొందరవెట్టింది డ్రైవరే మేడం. నేనే బండి ఆపిచ్చి, ముత్యాన్ని ఎతికి తెచ్చిన."

ఫోర్మన్‌తో తగువెందుకని కూలీలెవరూ నోరు మెదపలేదు.

"మీరేమంటారు?" మేడం జగ్గారావుని అడిగింది.

జగ్గారావు లింబాద్రి కళ్ళలోకి ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. లింబాద్రికి అదే మింగుడుపడలేదు.

"మనిషి బతికాడండి, అది చాలు. నన్ను బస్సు నుంచి తప్పించినా ఫర్వాలేదు."

అతన్ని అరాద్ గోడౌన్‌లో సామాన్ మోసే పనికి వేశారు. పోయే ముందు లింబాద్రి దగ్గరికొచ్చాడు.

"రేపట్నుంచి ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి ఎక్కించుకోండన్నా."

"అబ్బో, నాకు బుద్ధులు జెప్పొచ్చిండు!" లింబాద్రి మూతి తిప్పుకున్నాడు.

తిప్పుకున్నాడు గానీ, మర్నాడు బస్సు దగ్గర నిలబడి "తాహెర్ భాయ్!" అని ఒక్కొక్కర్నీ తనకు తెలియకుండానే పిలవడం మొదలుపెట్టాడు. పేరు పెట్టి పిలిచాక బూతు ఎలా వస్తుంది? మెల్లగా తిట్లు తగ్గాయి. పక్కవాడు రాకపోతే కూలీలే దిగి వెతకడం నేర్చుకున్నారు. లింబాద్రి భాయ్‌కి ఏమైందిరా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

ఒకరోజు ఊరి నుంచి ముత్యం భార్య నాగవ్వ ఫోన్ చేసింది.

"నా మొగని పానం నువ్వే నిలవెట్టినవట అన్నా. పొద్దుగాల లేస్తే నీ పేరు మీదనే దండం వెట్టుకుంటున్న."

ఫోన్ పెట్టేసి లింబాద్రి వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంకొకడి దండం తను కాజేశాడు! కొలువు పోతే పోనీ అనుకున్నాడు.

శుక్రవారం సెలవు. టాక్సీ ఎక్కి రిఫాలో మేడం ఇంటికి పోయాడు. గుమ్మం ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి, లోపల తెలుగులో పాటలు. సెలవునాడు ఆవిడ ఇంట్లో ప్రార్థన జరుగుతుందని విన్నాడు. బెల్లు కొడితే మేడమే బయటికొచ్చింది.

"మేడం, నేను అబద్ధం జెప్పిన. ముత్యాన్ని బతికిచ్చింది జగ్గారావు. నన్ను ఇంటికి పంపుండ్రి. ఆయన్ని మళ్ళ బస్సెక్కియ్యిండ్రి."

హమ్మయ్య, చెప్పేశాడు! గుండెల మీది బండ దిగిపోయింది. ఇక ఏ శిక్ష వేసినా సరే, తల ఎత్తుకునే పోతాడు.

మేడం కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"బస్సులో కెమెరా ఉంది లింబాద్రీ. విచారణ అయిన సాయంత్రమే అంతా చూశాను. నిన్ను పంపించేద్దామనుకుంటే మా పాస్టరుగారు ఆపారు. 'తనంతట తానే వచ్చి నిజం చెప్తాడు, కాస్త ఓపిక పట్టమ్మా' అన్నారు. నేను నమ్మలేదు. ఆయన మాటే గెలిచింది. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

లింబాద్రి చేతులు జోడించాడు.

"నన్ను ఎన్నడూ సూడని మనిషి, నా మీద గంత నమ్మకం ఎట్ల వెట్టిండు మేడం?"

మేడం తలుపు బార్లా తెరిచింది.

లోపల పాట ఆపి లేచి నిలబడ్డ జనం ముందు, బైబిలు పక్కన పెట్టి, రెండు చేతులూ చాచి నవ్వుతూ లింబాద్రికి ఎదురొస్తున్నాడు పాస్టరు జగ్గారావు.