మొదటి బహుమతి

అమెరికాలో, మా ఓక్లహోమా ఊళ్ళలో ఎవరి ఆస్పత్రి ఖర్చుకైనా ఫైర్ స్టేషన్లో భోజనాలు, లాటరీ పెడతారు. మొదటి బహుమతి ఎప్పుడూ తుపాకీయే.

నేను బీన్స్ వడ్డిస్తున్న బల్ల మీదే వర్నన్, క్లైడ్ రెండు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు పరిచారు. ఏది పెడదామా అని, పాలిచ్చే ఆవును బేరమాడుతున్నట్టు తడిమి తడిమి చూస్తున్నారు.

"ఆ చవక కంపెనీది వద్దురా క్లైడ్, పరువు పోతుంది. నాలుగు పేల్చేసరికి తూటా ఇరుక్కుంటుంది," అన్నాడు వర్నన్.

"మరి ఇదో?"

"బురదలో పొర్లించి తీసినా ఆగదు. నీ మనవడి కాలం దాకా పేలుతుంది. ఏమంటావు వదినా?"

గరిటె గిన్నెలోకి విసిరాను. పులుసు చింది బల్లంతా పడింది.

"చవకదే పెట్టండి."

"అదేంటి వదినా! లాటరీ మీ పిల్ల ఆపరేషన్ కోసమే కదా. మంచిదైతేనే టికెట్లు పోతాయి."

"ఆ మంచి కంపెనీదే పట్టుకుని దూరాడు వాడు, మా పిల్ల బళ్ళోకి. ఒక్క తూటా కూడా ఇరుక్కోలేదు."

వర్నన్ జేబురుమాలు తీసి, రైఫిల్ మీద పడ్డ పులుసును జాగ్రత్తగా తుడిచాడు.